కిటికీ ఆంటీ

నందితకి ఆ ఇల్లు నచ్చింది కిటికీ వల్లే.

సింగపూరులో సెరంగూన్ రోడ్డు పక్కసందులో పాతకాలపు ఇల్లది. కింద కిరాణా కొట్టు, పైన అద్దెకి రెండు గదులు. ముందు గదిలో నిలబడితే బస్సుల రొద, కొట్లోంచి ఎండుమిరపకాయల ఘాటు. వెనక గది అలా కాదు. గోడ మధ్యలో నిలువెత్తు చెక్క కిటికీ, రెండు రెక్కలు, బయట సన్నటి వెనకసందు. రెక్కలు తీస్తే చాలు, ఎండా గాలీ పిలవకుండానే లోపలికొచ్చి కూర్చునేవి. పాసిర్ రిస్‌లో సముద్రం దగ్గర లిఫ్టున్న ఫ్లాట్లు కూడా చూశారు. బ్రహ్మాండంగా ఉన్నాయి. కానీ మొగుడు కౌశిక్ ఆఫీసు రాఫెల్స్ ప్లేస్‌లో. ఆ దూరం నుంచి రోజూ రాత్రి డ్యూటీకి వెళ్ళి రావడం అయ్యే పనేనా?

రాత్రి డ్యూటీ ఏమిటంటారా? రెండువేల సంవత్సరం ముంచుకొస్తున్న రోజులవి. తేదీ మారగానే కంప్యూటర్లన్నీ మతి పోగొట్టుకుంటాయని లోకమంతా హడలిపోతోంది. నాలుగు లైన్లు ప్రోగ్రాం రాయగలిగిన ప్రతి తెలుగువాడికీ ఎక్కడో ఓ చోట కుర్చీ దొరికింది. కౌశిక్‌కి దొరికింది రాత్రి కుర్చీ. బ్యాంకు పగలు వాడుకునే కంప్యూటర్లని రాత్రి పరీక్ష చెయ్యాలి. తెల్లారాక వచ్చి, వెనక గదిలో కర్టెన్లు దించుకుని సాయంత్రం దాకా పడుకునేవాడు. గుడ్లగూబని కట్టుకున్నాను తల్లీ అని నందిత నవ్వేది.

ఇంటావిడ పేరు కుమారమ్మ. డెబ్భై దాటిన మనిషి. వాళ్ళ నాన్న ఎప్పుడో విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి రేవులో మూటలు మోశాడట. ఆవిడ పుట్టింది, పెరిగింది, పెళ్ళాడింది అన్నీ ఈ ఊళ్ళోనే. ఇప్పుడు కొడుకు జయరాం దగ్గర పాసిర్ రిస్‌లో ఉంటోంది. ఆవిడ మాట వింటే నందితకి నవ్వూ వచ్చేది, ముచ్చటా వేసేది. అటు ఉత్తరాంధ్ర యాస, ఇటు అరవం, మధ్యలో మలయ్ ముక్కలు. భోజనమైందా అనడానికి బదులు "మాకన్ అయ్యిందేటమ్మా?" అనేది.

తాళంచెవి తీసుకునేటప్పుడు నందిత నసుగుతూ అడిగింది.

"మామ్మగారూ, ఏమీ అనుకోకండి. పాత ఇల్లు కదా. చిన్నపిల్లతో ఉంటాం. ఈ గదుల్లో ఎవరైనా..."

"సచ్చిపోనారా అనా? నేదమ్మా. నాకు తెల్సి ఈ ఇంట్లో ఒక్క పేణం పోనేదు. నాను పెరిగిన ఇల్లే ఇది. ఒట్టు."

ఆవిడ అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆ ఇంట్లో ఎవరూ పోలేదు.

*

మొదట గ్లాసు సంగతి.

కౌశిక్ వాళ్ళమ్మ కాపురానికి పంపేటప్పుడు స్టీలు గ్లాసుల మీద పేర్లు కొట్టించి మరీ ఇచ్చింది. ఒకదాని మీద కౌశిక్, ఒకదాని మీద నందిత, చిన్నదాని మీద సరయు. సరయు వాళ్ళ కూతురు, నాలుగేళ్ళది. కౌశిక్ పొద్దున పడుకునే ముందు తన గ్లాసుతో నీళ్ళు తాగి పరుపు పక్కన పెట్టుకునేవాడు. సాయంత్రం చూస్తే అది కిటికీ గట్టు మీద ఉండేది. శుభ్రంగా కడిగి, ఎండ పడేచోట, బోర్లించి.

"నిద్దట్లో లేచి గిన్నెలు తోమే మొగుడు ఎంతమందికి దొరుకుతాడండీ!" అంది నందిత.

"నేనెందుకు కడుగుతాను? నువ్వే పెట్టుంటావు."

"నేనా? సరేలెండి."

అంతటితో వదిలేశారు. గ్లాసు బోర్లిస్తే దెయ్యమంటామా? అయితే ఒకటుంది. పక్కన నందిత గ్లాసున్నా, సరయు గ్లాసున్నా అవి కదిలేవి కావు. కౌశిక్ నోరు పెట్టుకున్నదే వెళ్ళి విడిగా కూర్చునేది. నందిత అది గమనించింది గానీ పట్టించుకోలేదు.

తరవాత చాప సంగతి. సరయు మధ్యాహ్నం బడి నుంచి వచ్చి, అన్నం తిని, నాన్న పక్కనే చాప వేయించుకుని నిద్రపోయేది. నాన్న మొహంలో మొహం పెట్టి, ఆయన చెవి పట్టుకుంటే గానీ దానికి నిద్ర పట్టదు. తీరా లేచేసరికి గదికి ఆ చివర కిటికీ కింద ఉండేది. దొర్లిందేమో అనుకుంటే, చాప కూడా దొర్లుతుందా?

"నిన్నిక్కడ ఎవరు పడుకోబెట్టారే?"

"కిటికీ ఆంటీ," అంది సరయు కళ్ళు నులుముకుంటూ.

"కిటికీ ఆంటీ ఎవరు? ఎలా ఉంటుంది?"

"డోంట్ నో లా. ఫేస్ చూపించదు." అని బడిలో పట్టుబడిన సింగపూరు ఇంగ్లీషులో చెప్పి, లేచి గోడ వైపు తిరిగి, గౌను అంచు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇలా నిల్చుంటుంది. నేను దగ్గరికెళ్తే 'వద్దు వద్దు' అంటుంది."

పిల్ల నటన చూసి నందిత పకపకా నవ్వింది. కౌశిక్ కూడా నవ్వబోయి దగ్గాడు. ఏసీ దగ్గు. ఆఫీసులో ఏసీ మంచుగడ్డలా ఉంటుందట, ఆ దగ్గు ఎప్పట్నుంచో ఉంది. మనిషి కూడా చిక్కాడు. పడుకుని లేస్తే బనీను పిండుకోవచ్చు, అంత చెమట. డాక్టరు దగ్గరికి వెళ్ళమని నందిత పోరు పెట్టేది.

"వెళ్తానే నందూ. వర్క్ పాస్ రెన్యూవల్ ఒకటి అయిపోనీ. ఎక్స్‌రేలో ఏ చిన్న మచ్చ కనబడినా పెట్టె సర్దుకుని ఇంటికి పొమ్మంటారని మావాళ్ళు అంటున్నారు. కాగితం చేతికొచ్చిన మర్నాడే చూపించుకుంటా. సరేనా?"

నందిత సరే అంది. అంది మరి. చేతిలో మంచి ఉద్యోగం, కళ్ళ ముందు పెరుగుతున్న పిల్ల, దగ్గుకి భయపడి అవన్నీ ఎవరు పోగొట్టుకుంటారు? సిరప్పు సీసాలు కొని పెట్టింది, మిరియాల పాలు కాచి పోసింది.

*

ఆ ఆదివారం మధ్యాహ్నం ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. మిట్ట మధ్యాహ్నమే దీపాలు పెట్టుకోవాల్సొచ్చింది. ఉరిమిన రెండో ఉరుముకి ఇంట్లో కరెంటు పోయింది. సింగపూరులో కరెంటు పోవడమేమిటి, విడ్డూరం కాకపోతే అనుకుంది నందిత. రెండు గదుల మధ్య నడవలో గ్యాసు పొయ్యి. దాని వెలుతురులోనే చారు కలుపుతోంది. వాన రేకుల మీద దబదబా కొడుతోంది. వెనక గదిలో తండ్రీకూతుళ్ళు నిద్రపోతున్నారు.

ముందు వాసన వచ్చింది. చారు వాసన కాదు. పాత ఆసుపత్రుల్లో నేల తుడిచే మందు లాంటి ఘాటు... గొంతు పట్టుకునే వాసన.

కింద కొట్లో ఏదో ఒలికిందేమో అనుకుంది.

కౌశిక్ దగ్గాడు.

సర్ర్ర్...

గరిటె ఆగింది. చెక్కనేల మీద ఏదో ఈడ్చిన చప్పుడు. మళ్ళీ ఏమీ లేదు. వాన.

కౌశిక్ మళ్ళీ దగ్గాడు. ఈసారి పొడుగ్గా, పొడిగా.

సర్ర్ర్... సర్ర్ర్...

"సరయూ?"

నందిత పొయ్యి కట్టేసింది. ఎందుకు కట్టేసిందో తనకే తెలీదు. అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడింది. గడియ పెట్టిన కిటికీ బార్లా తెరిచి ఉంది. జల్లు లోపలికి కొడుతోంది. ఆ మసక వెలుతురులో...

ఒక ఆడమనిషి.

నడుం వంచి ఉంది. బక్కపల్చటి మనిషి. చీలమండల పైకి కట్టిన ముతక చీర. రెండు చేతులతో చాప అంచు పట్టుకుంది. చాప మీద సరయు, ఆదమరిచి నిద్రపోతోంది. చాప కిటికీ వైపు కదులుతోంది. కొంచెం... కొంచెం...

ఆమె తల మాత్రం ఇటు లేదు. పూర్తిగా గోడ వైపు తిరిగిపోయి ఉంది. నోట్లో కొంగు కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు లేదు. ఒక్క చప్పుడు లేదు.

నందిత తలుపు పట్టుకుంది.

"ఎ... ఎవరు..."

ఆ మనిషి ఆగింది. ఇటు తిరుగుతుందనుకుంది నందిత. తిరగలేదు. ఇంకా అటే తిప్పుకుంది. ఆ మెడ అంత తిరక్కూడదు. తిరిగింది. ఒక చెయ్యి వెనక్కి చాచి అరచెయ్యి చూపించింది. రావద్దు... అక్కడే ఆగు... తరవాత ఆ చేతి వేలు మెల్లగా కదిలి కౌశిక్ మీద ఆగింది.

పిల్లని కిటికీలోంచి కిందికి తోసేస్తుంది. తరవాత వంతు మొగుడిది. నందితకి అర్థమైంది అదే. కన్నతల్లి ఎవరైనా ఇంకేమనుకుంటుంది చెప్పండి?

"అమ్మో నా బిడ్డ!" అని ఒక్క దూకు దూకి సరయుని వాటేసుకుంది. కౌశిక్ ఉలిక్కిపడి లేచాడు. లేచి చూస్తే ఏముంది? గోడ, వాన, తడిసిన నేల. కిటికీ గట్టు మీద అతని గ్లాసు, బోర్లించి. దాని మీద చినుకులు టంగుటంగుమని పడుతున్నాయి.

*

మర్నాడే కుమారమ్మ వచ్చింది. పసుపు, వేపమండలు, నిమ్మకాయలు, గుడ్డలో కట్టిన కొత్త మేకులు తెచ్చుకుంది. నందిత అంతా చెప్పింది. చాప సంగతి చెప్పింది, కిటికీ సంగతి చెప్పింది, తిప్పుకున్న తల సంగతి చెప్పింది. గ్లాసు సంగతి చెప్పలేదు. అంత భయంలో గ్లాసొక లెక్కా?

"ఒలమ్మ, ఎంత సుసా, ఎంత కట్టం వచ్చిపడిందే నీకు! అది బయటిదమ్మా. సందులో తిరిగే దిక్కులేంది. పిల్లని సూసి మనసు పడింది," అంది కుమారమ్మ. "నాను సెప్పినట్టు సెయ్యి. కిటికీ మళ్ళీ తియ్యకు. పిల్లని ఇద్దరి మజ్జెన ఏసుకుని పడుకోండి. తండ్రి కట్టి ఇడిసిన లుంగీ కప్పు. తండ్రి ఒంటి వాసన తగిల్తే ఏ పీడా దగ్గిరికి రాదు. మా నాన్న నాకలాగే కప్పీవోడు."

మన ఇళ్ళల్లో ఉన్నదే కదా ఇది. జడుసుకున్న పిల్లకి తండ్రి బట్ట కప్పడం నందిత వాళ్ళ ఊళ్ళోనూ ఉంది. ఇక సందేహమేముంది?

కుమారమ్మ నిమ్మకాయలు కోసి, పసుపునీళ్ళు చల్లి, వేపమండతో గోడలన్నీ కొట్టింది. కిటికీ దగ్గరికి వచ్చి, రెక్కలు మూస్తూ గట్టిగా అంది.

"ఎవర్తివైనా సరే. ఈ బిడ్డ నీది కాదు. పో!"

నందిత చంకలో ఉన్న సరయు కిటికీ వైపే చూస్తోంది. "మామ్మా," అని గుసగుసగా అంది, "ఆంటీ క్రయింగ్."

"ఏడవనీ. ఎంతమంది తల్లుల్ని ఏడిపించిందో. పో అన్నానా! పో!"

మేకు మీద సుత్తి పడింది. రెక్కల వెనక ఏదో ఒకసారి ఆనింది, అరచెయ్యి ఆన్చినట్టు. అంతే. మళ్ళీ ఏ చప్పుడూ లేదు. నందిత వంగి ముసలావిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. కళ్ళనీళ్ళు ఆగలేదు.

ఆ తరవాత నిజంగానే అంతా సర్దుకుంది. గ్లాసు పెట్టిన చోటే ఉండేది. చాప వేసిన చోటే ఉండేది. మూసిన గదిలో, దించిన కర్టెన్ల వెనక, సరయు నాన్న లుంగీ కప్పుకుని, ఆయన ఊపిరి మొహానికి తగిలేంత దగ్గరగా హాయిగా నిద్రపోయేది. నందిత గుమ్మంలో నిలబడి ఆ ఇద్దర్నీ చూసుకుని మురిసిపోయేది. అంత సుఖంగా ఆ ఇంట్లో ఎప్పుడూ లేదు.

కొత్త సంవత్సరం వచ్చింది. కంప్యూటర్లకి ఏమీ కాలేదు. ఆఫీసులో కేకు కోశారు. కౌశిక్ పాస్ రెన్యూవల్ కాగితాలు ఇంకా రాలేదు, ఈ వారం, వచ్చే వారం అంటున్నారు. దగ్గు మాత్రం వారాల కోసం ఆగలేదు. రుమాళ్ళు తనే ఉతుక్కోవడం మొదలుపెట్టాడు కౌశిక్. ఎందుకో నందిత అడగలేదు.

సరయుకి జ్వరం వచ్చింది. ముందు పడిశం జ్వరమే అనుకున్నారు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేది. పిల్ల ఆడుకోవడం మానేసింది. తల నొప్పి అమ్మా అనేది. వెలుతురు చూడలేకపోయేది. ఒకరోజు పొద్దున పిలిస్తే కళ్ళు తెరిచింది గానీ, నందితని ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలా మెల్లగా మాట్లాడింది. క్షయ. ఊపిరితిత్తుల్లోంచి మెదడు పొరలకి ఎక్కింది. చిన్నపిల్లలకి ఇలా అవుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర్నుంచే ఎక్కువగా వస్తుంది అని చెప్పి అడిగింది, "మీ ఇంట్లో ఎవరికైనా చాలాకాలంగా దగ్గుందా?"

నందిత తల తిప్పింది. కౌశిక్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అప్పుడే వచ్చింది అతనికి దగ్గు. పెదాలు బిగించాడు. మొహం ఎర్రబడింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చేతులతో నోరు మూసుకున్నాడు. ఆగలేదు. వంగిపోయి, గోడ పట్టుకుని, దగ్గుతూనే ఉన్నాడు.

సరయు మళ్ళీ ఇంటికి రాలేదు.

*

కుమారమ్మ పరామర్శకి వచ్చేసరికి ఇంట్లో నందిత ఒక్కతే ఉంది. కౌశిక్‌ని ఆసుపత్రిలో పెట్టి మందులిస్తున్నారు. అతనికి నయమవుతుందన్నారు. ఆ మాట విన్నప్పుడు సంతోషించాలో, గోడకేసి తల బాదుకోవాలో నందితకి తెలీలేదు. సరయుని దహనం చేసి, సముద్రంలో కలిపి వచ్చారు. అది పాలు తాగే చిన్న గ్లాసు కూడా దానితోపాటే ఇచ్చేశారు. ఇప్పుడు నందిత ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి గిన్నెలు సర్దుతోంది.

ముసలావిడ నేలమీద చతికిలబడింది. నందిత వీపు నిమిరింది.

"దాన్ని ఎళ్ళగొట్టీసినాం గదమ్మా. మరెలగొచ్చిందే ఈ మాయరోగం?"

"ఏమో మామ్మగారూ. మీరు మేకు కొట్టాక అంతా బాగానే ఉంది. చాప కదల్లేదు. గ్లాసు కదల్లేదు."

"ఏ గ్లాసు?"

నందిత పెట్టెలోంచి కౌశిక్ గ్లాసు తీసింది. "ఇదే. మీకు చెప్పలేదు కదూ? చిన్న విషయమే అనుకున్నాను. ఆయన తాగిన గ్లాసు రోజూ ఇదిగో, ఇక్కడ, ఇలా బోర్లించి ఉండేది. ఎండలో. ఆయన ఒక్కడిదే."

గ్లాసుని గట్టు మీద బోర్లించి చూపించింది. వెనక్కి తిరిగి చూస్తే కుమారమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఏటన్నావ్?" అంది. "ఏటన్నావమ్మా?"

ఆవిడ లేవలేక పాక్కుంటూ వచ్చి ఆ గ్లాసుని ముట్టుకుంది.

"మా అమ్మ పేరు నూకాలమ్మ," అంది. "అప్పుడీ గదికి కిటికీ నేదమ్మా. పగలే సీకటి. ఇంట్లో ఇన్ని కుటుంబాలు, ఇన్ని సెక్క అడ్డాలు. ఊరంతా క్షయ. మునిసిపాలిటీవోలొచ్చి ఎనక ఇళ్ళు కొట్టేసి సందు తీసినారు. ఈ గోడకి కన్నం పెట్టి కిటికీ ఎట్టినారు. ఎండా గాలీ తగిల్తే రోగం తగ్గుతాదని. మలబారు నర్సమ్మ ఒకర్తి ఇల్లిల్లూ తిరిగీది. మా అమ్మకి సెప్పింది. నీ గ్లాసు యేరే పెట్టుకో, కడిగి ఎండలో బోర్లించు. నేల మందేసి తుడు. బిడ్డని ముట్టుకోకు, ముద్దెట్టుకోకు. బిడ్డ ఎదరకొస్తే మొహం తిప్పుకో, కొంగు అడ్డం పెట్టుకో. బిడ్డ సాప కిటికీ కాడెయ్యి."

నందిత ఆవిడ పక్కనే కూర్చుంది.

"మా అమ్మ అచ్చరం తప్పనేదు. నన్ను ముట్టుకోనేదు. మొహం సూపించనేదు. నాను నిద్దట్లో దొర్లుకుంటూ అమ్మ కాడికి ఎల్పోతే, సాప అంచట్టుకుని కిటికీ కాడికి ఈడ్సీసీది. రోజూ. నాకేటి తెలుసమ్మా, సిన్నదాన్ని. అమ్మకి నానంటే ఇష్టం నేదనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే అనుకున్నాను. ఆస్పత్రి బండొచ్చిన నాడు గుమ్మంలో ఆగి నాకేసి సూసింది. అదొక్కసారే సూసింది. నాను కోపంతో... పో, అన్నాను. ఎల్పోయింది. అక్కడే సచ్చిపోయింది."

ఎండిపోయిన ఆ రెండు చేతులూ గ్లాసు చుట్టూ బిగుసుకున్నాయి.

"ఈ ఇంట్లో ఎవరూ పోనేదని నీకు ఒట్టేసినాను. మా అమ్మ మనింటికొచ్చి, నీ బిడ్డని, నన్ను కాసినట్టే కాసింది. మళ్ళీ నానే పో అన్నాను. మేకులు కొట్టి మరీ పొమ్మన్నానే! ఓలమ్మో, ఏం పాపం సేసినానే!"

ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. వానలో ఆ దగ్గు, దగ్గు వెనకాలే చాప చప్పుడు, కౌశిక్ మీద ఆగిన వేలు, అన్నీ ఒక్కొక్కటే నందితకి గుర్తొచ్చాయి. ఆ చెయ్యి చూపించినప్పుడు తను ఒక్కసారి మొగుణ్ణి ఎక్స్‌రేకి తీసుకెళ్ళి ఉంటే! ఒక్కసారి!

కింద కొట్లోంచి సుత్తి తెచ్చి మేకులు పీకారు. రెక్కలు తెరిచారు. కుమారమ్మ గట్టు పట్టుకుని నిలబడి, చిన్నపిల్లలా సందులోకి పిలిచింది. "అమ్మా... రాయే. నాను కుమారినే. ఇంక అననే. రాయే..." దీపాలు పెట్టే వేళ దాకా పిలిచింది. ఎవరూ రాలేదు. జయరాం వచ్చి ఆవిణ్ణి ఎత్తుకున్నంత పని చేసి తీసుకెళ్ళాడు.

*

నందిత మాత్రం రోజూ కిటికీ తెరిచే ఉంచింది. నూకాలమ్మ వస్తుందని కాదు. వస్తే ఒక్క మాట అడుగుదామని. నా పిల్ల నీ దగ్గర ఉందా, భయపడుతోందా, దానికి చెవి పట్టుకుంటే గానీ నిద్ర పట్టదు, నీ చెవి ఇస్తున్నావా అని.

నందితక్కూడా అన్ని పరీక్షలూ చేశారు. ఆ రోజు పొద్దునే డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూపించి చెప్పింది. ఊపిరితిత్తులు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, మీకేమీ లేదు, దిగులు పడకండి అని. నందితకి దిగులు దేనికి? నాకు రాకుండా దానికెందుకు వచ్చిందని ఆవిణ్ణి అడగాలనిపించింది. అడగలేదు. ఇంటికొచ్చి, తన గ్లాసుతో నీళ్ళు తాగి, సరయు చాప పరుచుకుని గది మధ్యలో పడుకుంది. చాపలో ఇంకా పిల్ల పౌడరు వాసన మిగిలే ఉంది.

మధ్యాహ్నం మబ్బు పట్టింది. వాన మొదలైంది. కళ్ళు మూతలు పడ్డాయి.

సర్ర్...

మెలకువ వచ్చింది. కళ్ళు తెరవలేదు.

సర్ర్... ఆగింది. మళ్ళీ సర్ర్... చాప కదిలింది. బలం లేని చేతులు. కొంచెం లాగి, అలిసిపోయి ఆగి, మళ్ళీ కొంచెం లాగుతున్నాయి. మందు వాసన లేదు. ఉన్నది ఉప్పునీటి వాసన... సముద్రపు వాసన...

నందిత కళ్ళు తెరిచింది.

కిటికీ దగ్గర, గట్టు ఎత్తు కూడా లేని ఆకారం. గోడ వైపు తిరిగి ఉంది. తడిసిన జుట్టు మెడకి అతుక్కుపోయింది. రెండు చేతులతో గౌను అంచు ఎత్తి నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరయూ..." నందిత గొంతులోంచి మాట కాదు, గాలి వచ్చింది. "తల్లీ... ఇటు చూడమ్మా... ఒక్కసారి..."

మోకాళ్ళ మీద ముందుకి జరిగింది. ఆ ఆకారం అంతే వెనక్కి జరిగింది. ఇంకొంచెం ముందుకి. ఇంకొంచెం వెనక్కి. ఆ చిన్న భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. చప్పుడు లేదు.

"అమ్మనే... నా దగ్గరికి రావే..."

ఆ తల ఇంకా అటు తిరిగిపోయింది. తిరక్కూడనంతగా తిరిగింది. గోడలోంచి వచ్చినట్టు చిన్న గుసగుస.

"కెనాట్ లా, అమ్మా."

వాన హోరు పెరిగింది. కళ్ళు తుడుచుకుని చూసేసరికి కిటికీ దగ్గర ఎవరూ లేరు. తడి పాదాల గుర్తులు మాత్రం ఉన్నాయి, సరయువే.

గట్టు మీద, ఒకప్పుడు కౌశిక్ గ్లాసు ఉండే చోటే, గ్లాసు ఉంది. కడిగి, బోర్లించి, అన్నింటికీ దూరంగా. నందిత దాన్ని తీసి మీద కొట్టించిన పేరు చూసింది.

నందిత.